బొబ్బిలి నుంచి పార్వతీపురం దాకా: వి.వి. గిరి ప్రజాజీవితంలో ఉత్తరాంధ్ర నియోజకవర్గాలు

వ్యాససంగ్రహం: వరాహగిరి వేంకటగిరి (1894–1980) భారతదేశపు నాలుగవ రాష్ట్రపతిగా, కార్మికోద్యమ నాయకునిగా సుప్రసిద్ధులు. ఆయన ప్రజాజీవితాన్ని మలుపు తిప్పిన మూడు ఎన్నికలు నేటి విజయనగరం, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల నేలపైనే జరిగాయి. 1937లో బొబ్బిలి, 1952లో పాతపట్నం, 1957లో పార్వతీపురం. ఈ మూడు ఎన్నికలను ఆధారంగా చేసుకుని గిరి రాజకీయ, కార్మిక భావజాలాన్ని, పార్వతీపురం వివాదం రిజర్వేషన్ల అర్థంపై లేవనెత్తిన ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: వి.వి. గిరి, బొబ్బిలి, పార్వతీపురం, ద్విసభ్య నియోజకవర్గం, కార్మికోద్యమం, ఉత్తరాంధ్ర.

ఉపోద్ఘాతం

గిరి జీవితచరిత్రను చెప్పే రచనలు సాధారణంగా ఒకే దారిలో నడుస్తాయి. డబ్లిన్ చదువుతో మొదలై, రైల్వే కార్మిక సంఘాల మీదుగా, గవర్నర్ పదవులు దాటి, 1969 రాష్ట్రపతి ఎన్నిక దగ్గర పతాకస్థాయికి చేరుతాయి. ఈ క్రమంలో ఆయన ప్రజల దగ్గరికి వెళ్ళి ఓటు అడిగిన ఊళ్ళు ఒకటి రెండు వాక్యాలకే పరిమితమవుతాయి. బొబ్బిలి రాజాను ఓడించారన్న మాట ఒక విశేషంగా కనిపిస్తుంది. పార్వతీపురం ఓటమి గవర్నర్ పదవికి ముందు వచ్చే ఒక అంతరాయంగా మిగులుతుంది. కానీ ఆస్తి అర్హతతో కూడిన పరిమిత ఓటుహక్కు, సార్వత్రిక వయోజన ఓటుహక్కు, గిరిజన రిజర్వేషన్‌తో కూడిన ద్విసభ్య విధానం అనే మూడు భిన్నమైన ఎన్నికల వ్యవస్థలను ఒకే ప్రాంతంలో, ఒకే అభ్యర్థిగా ఎదుర్కొన్న జాతీయ నాయకులు అరుదు. ఆ కోణంలో చూసినప్పుడు గిరి జీవితం ఉత్తరాంధ్ర సామాజిక చరిత్రకు కూడా ఒక ఆధారమవుతుంది.

బరంపురం – డబ్లిన్ – ఖరగ్‌పూర్

గిరి 1894 ఆగస్టు 10న గంజాం జిల్లా బరంపురంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది, జాతీయవాది. నాటి గంజాం మద్రాసు రాజధానిలో భాగం. ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం ప్రాంతాలన్నీ ఆ జిల్లాలోనివే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం అటు వెళ్ళింది, ఇచ్ఛాపురానికి దక్షిణాన ఉన్న తెలుగు ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. గిరి పుట్టిన ఊరు ఒక రాష్ట్రంలోకి, ఆయన ఓటర్లు మరొక రాష్ట్రంలోకి చేరడం ఈ విధంగా జరిగింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాయి. కనుక ఈ వ్యాసంలో ఊళ్ళ పేర్లను నాటి పాలనా విభాగాలకు తగ్గట్టుగా అన్వయించుకోవాలి.

1913లో న్యాయశాస్త్రం చదవడానికి గిరి ఐర్లండ్ వెళ్ళారు. ఆ ఏడాది ఆగస్టులో మొదలైన డబ్లిన్ లాకౌట్ ఐరిష్ కార్మిక చరిత్రలో అతి పెద్ద సంఘర్షణ. యజమానులు సంఘంలో చేరిన కార్మికులను పనిలోంచి తొలగించారు. నెలల తరబడి నగరం స్తంభించింది. జాతీయ స్వాతంత్ర్యం, కార్మిక హక్కు వేర్వేరు పోరాటాలు కావన్న అవగాహన గిరికి అక్కడే కలిగింది. 1916 ఈస్టర్ తిరుగుబాటు అనంతరం బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను దేశం విడిచి వెళ్ళమని ఆదేశించింది. స్వదేశానికి వచ్చి న్యాయవాద వృత్తి చేపట్టినా, సహాయ నిరాకరణోద్యమంలో దాన్ని వదులుకుని, కల్లు, సారా దుకాణాల పికెటింగ్‌లో 1922లో జైలుకు వెళ్ళారు.

తరువాతి దశాబ్దమంతా బెంగాల్ నాగపూర్ రైల్వే చుట్టూ తిరిగింది. హౌరా నుంచి వాల్తేరు దాకా సాగే ఈ మార్గం పలాస, నౌపడ, ఆమదాలవలస, విజయనగరం మీదుగా పోతుంది. దాని వర్క్‌షాపులు ఖరగ్‌పూర్‌లో ఉండేవి. ఆ రైల్వే పట్టణంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళినవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1927–28లో అక్కడి కార్మికులను తగ్గించే ప్రయత్నానికి వ్యతిరేకంగా సాగిన సమ్మెలో గిరి నాయకత్వ పాత్ర వహించారు. అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపకులలో ఆయన ఒకరు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అధ్యక్షులుగా, 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక సదస్సుకు భారత కార్మిక ప్రతినిధిగా, 1931లో రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి పారిశ్రామిక కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. 1929లో ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ చీలినప్పుడు ఆయన ఎన్.ఎం. జోషి వర్గంతో నిలిచారు. సమ్మెను ఆయుధంగా అంగీకరిస్తూనే, చర్చల బల్ల వద్దకు చేర్చడమే దాని లక్ష్యమని భావించిన మితవాద కార్మికధోరణి అది. ఈ ధోరణిని గుర్తించకపోతే 1954 రాజీనామా అర్థం కాదు.

బొబ్బిలి, 1937

1935 భారత ప్రభుత్వ చట్టం కింద జరిగిన తొలి ఎన్నికలలో కాంగ్రెస్ గిరిని బొబ్బిలి నుంచి మద్రాసు శాసనసభకు నిలబెట్టింది. ఎదుటి అభ్యర్థి సాక్షాత్తూ బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు; 1932 నుంచి మద్రాసు రాజధాని ప్రధానమంత్రి, జస్టిస్ పార్టీ అధినేత. తన జమీందారీలో, తన కోట నీడలో, తన పేరు మోస్తున్న పట్టణంలో ఆయన పోటీ చేస్తున్నారు.

తెలుగు సాహిత్య విద్యార్థికి బొబ్బిలి అంటే మొదట గుర్తుకొచ్చేది 1757 జనవరి యుద్ధం, తాండ్ర పాపారాయుడు, దానిపై పుట్టిన కథాగానాలు. ఫ్రెంచి సేనాపతి బుస్సీ, విజయనగర ప్రభువుల సేనలను ఎదిరించి అంతఃపురంతో సహా ఆహుతైన కోటగా బొబ్బిలి జనస్మృతిలో నిలిచింది. ఓడినవారి పక్షాన కథ నిలబడటం తెలుగు వీరగాథలలో పలుచోట్ల కనిపించే లక్షణం. అయితే గాథలోని బొబ్బిలికీ, శిస్తు వసూలు చేసే ఎస్టేటు బొబ్బిలికీ రైతు దృష్టిలో తేడా ఉంది. 1937 ఓటరు రెండవదాన్ని చూసి ఓటు వేశాడు. ఓటుహక్కు అప్పటికి ఆస్తి, పన్ను, చదువు అర్హతలకు లోబడినదే. అయినా ఎస్టేటులో శిస్తు కట్టే రైతులలో ఒక భాగానికి ఓటు దక్కింది. ఆ భాగమే ఫలితాన్ని నిర్ణయించింది. రాజా ఓడిపోయారు. 215 స్థానాల శాసనసభలో కాంగ్రెస్ 159 గెలిచింది. జస్టిస్ పార్టీ మళ్ళీ కోలుకోలేదు.

ఈ విజయాన్ని జమీందారీ పతనంగా వర్ణించడం అతిశయోక్తి. గెలిచిన కాంగ్రెస్ ప్రభుత్వం టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఎస్టేట్ల చట్టంపై విచారణ సంఘాన్ని వేసింది; 1938లో నివేదిక వచ్చింది; 1939 అక్టోబరులో ప్రభుత్వం రాజీనామా చేయడంతో అది అమలుకు నోచుకోలేదు. 1940లో మందస జమీందారీలో అడవి కలపపై హక్కు కోసం రైతులు పోరాడినప్పుడు గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు వీరగున్నమ్మ, మరికొందరు బలయ్యారు. ఓటుపెట్టెలో రాజాను ఓడించడానికీ, శిస్తు భారం తగ్గడానికీ మధ్య పదకొండేళ్ళ దూరం ఉంది. ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో గాని రాలేదు. గిరి స్వయంగా రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు చూశారు. రైతు సమస్య ఆయన శాఖ కాదు. ఆయనను గెలిపించినవారు రైతులు, ఆయన సేవించిన వర్గం కార్మికులు. ఈ వైరుధ్యం ఆయన ఎన్నికల జీవితం చివరిదాకా తీరలేదనే చెప్పాలి.

పాతపట్నం, 1952 – మంత్రిపదవి, రాజీనామా

1946లో ప్రకాశం మంత్రివర్గంలో మళ్ళీ పనిచేసి, 1947 నుంచి 1951 వరకు సిలోనులో భారత హైకమిషనర్‌గా ఉన్నారు. తేయాకు తోటల భారతీయ కార్మికులు అక్కడి కొత్త పౌరసత్వ చట్టం వల్ల పౌరసత్వం కోల్పోయిన కాలమది. తిరిగి వచ్చి తొలి సార్వత్రిక ఎన్నికలలో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. నెహ్రూ ఆయనకు కేంద్ర కార్మికశాఖ అప్పగించారు.

ఆ పదవిలో ఆయన ప్రతిపాదించిన విధానం పారిశ్రామిక సంబంధాల పాఠ్యగ్రంథాలలో ‘గిరి విధానం’గా స్థిరపడింది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం యజమానికీ కార్మికునికీ తగాదా వస్తే ప్రభుత్వం దాన్ని ట్రిబ్యునల్‌కు పంపవచ్చు. తీర్పు ఇరుపక్షాలకూ శిరోధార్యం. ఈ నిర్బంధ న్యాయనిర్ణయం కార్మిక సంఘాన్ని బలహీనపరుస్తుందని గిరి వాదించారు. కోర్టు ఉందన్న ధీమాతో సంఘం సభ్యులను కూడగట్టదు, యజమాని చర్చకు రాడు, ఇద్దరూ వకీళ్ళ చుట్టూ తిరుగుతారు. కనుక సమష్టి బేరసారాలు, అవి విఫలమైతే స్వచ్ఛంద మధ్యవర్తిత్వం ఉండాలన్నది ఆయన సిద్ధాంతం. యజమానులూ, రాష్ట్ర ప్రభుత్వాలూ దీనిని ఆమోదించలేదు. కార్మిక సంఘాలలోనూ ఏకాభిప్రాయం కుదరలేదు. బలహీనమైన సంఘాలకు కోర్టే దిక్కన్న వాదనలో కొంత నిజమూ ఉంది. నెల్లిమర్ల, చిట్టివలస జూట్‌మిల్లుల వంటి చోట్ల కార్మికుడు యజమానితో సమానంగా కూర్చుని బేరమాడగలడా అన్నది అప్పుడూ సందేహమే. గిరి ఖరగ్‌పూర్ వంటి వేలాది కార్మికులున్న కేంద్రాన్ని మనసులో ఉంచుకుని సిద్ధాంతీకరించారు. దేశంలో ఎక్కువ భాగం ఖరగ్‌పూర్ కాదు.

1954లో బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన నిర్ణయాన్ని కేంద్ర ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించింది. న్యాయనిర్ణయ విధానాన్నే ఇష్టపడని గిరి, ఆ నిర్ణయాన్ని మార్చడాన్ని నిరసిస్తూ ఆగస్టులో మంత్రిపదవికి రాజీనామా చేశారు. పైకి విరుద్ధంగా తోచినా ఇందులో తర్కం ఉంది. ఇరుపక్షాలనూ బలవంతంగా ట్రిబ్యునల్ ముందుకు పంపిన ప్రభుత్వం, తీర్పు తనకు నచ్చనప్పుడు తప్పుకునే హక్కును తన దగ్గరే ఉంచుకోకూడదు. ఆ తర్వాత బ్యాంకు వివాదంపై కమిషన్ పనిని జస్టిస్ పి.బి. గజేంద్రగడ్కర్ పూర్తిచేశారు. ఈ పేరు మరొక సందర్భంలో మళ్ళీ వస్తుంది.

పార్వతీపురం, 1957 – ఐదువందల అరవై అయిదు ఓట్లు

రెండవ సార్వత్రిక ఎన్నికలలో గిరి పార్వతీపురం లోక్‌సభ స్థానానికి పోటీ చేశారు. అది ద్విసభ్య నియోజకవర్గం: ఒకటి సాధారణ స్థానం, రెండవది షెడ్యూల్డ్ తెగలకు కేటాయించినది. ఓటరుకు రెండు ఓట్లు; రెండింటినీ ఒకే అభ్యర్థికి వేయకూడదు. సాధారణ స్థానానికి ఇద్దరు, రిజర్వుడు స్థానానికి ఇద్దరు చొప్పున మొత్తం నలుగురు బరిలో నిలిచారు. లెక్కింపులో గిరిజన అభ్యర్థులిద్దరూ, అంటే బిడ్డిక సత్యనారాయణ, డిప్పల సూరిదొర, మొదటి రెండు స్థానాలలో వచ్చారు. ఎన్నికల చట్టం ప్రకారం ముందుగా గిరిజన అభ్యర్థులలో ఎక్కువ ఓట్లు వచ్చినవారిని రిజర్వుడు స్థానానికి ప్రకటించాలి. ఆ తరువాత మిగిలిన అందరిలో ఎక్కువ ఓట్లు వచ్చినవారిని సాధారణ స్థానానికి ప్రకటించాలి. ఆ విధంగా సత్యనారాయణ రిజర్వుడు స్థానానికి, సూరిదొర సాధారణ స్థానానికి ఎన్నికయ్యారు. సూరిదొరకూ గిరికీ మధ్య తేడా 565 ఓట్లు.

గిరి ఎన్నికల పిటిషన్ వేశారు. ఆయన వాదనలో రెండు అంశాలు ముఖ్యమైనవి. ఒకటి, రిజర్వుడు స్థానానికి గిరిజనుడినని ప్రకటించి నామినేషన్ వేసిన వ్యక్తి ఆ స్థానం దక్కకపోతే సాధారణ స్థానాన్ని కోరజాలడు. రెండు, సూరిదొర మూకదొర తెగలో జన్మించినా, ఆయన కుటుంబం క్షత్రియ ఆచారాలు పాటిస్తూ, క్షత్రియులమని దస్తావేజులలో రాసుకుంటూ వస్తున్నందువల్ల ఆయన ఇక గిరిజనుడు కాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1959లో కోర్టు గిరి అప్పీలును తోసిపుచ్చింది. మెజారిటీ తీర్పు రాసినవారు జస్టిస్ గజేంద్రగడ్కర్.

రిజర్వేషన్ అనేది షెడ్యూల్డ్ తెగలకు దక్కవలసిన కనీస ప్రాతినిధ్యానికి హామీయే తప్ప వారికి గీసిన గరిష్ఠ పరిమితి కాదని తీర్పు సారాంశం. గిరిజనుడు తన తెగ సభ్యుడిగా రిజర్వుడు స్థానానికి అర్హుడు, పౌరుడిగా సాధారణ స్థానానికీ అర్హుడు. మొదటిదాన్ని వాడుకున్నందువల్ల రెండవది పోదు. కులం విషయంలో, ఒక వ్యక్తి తాను పై కులానికి చెందినవాడినని చెప్పుకోవడం చాలదు, చేరదలచిన సమూహం అతన్ని తనవాడిగా స్వీకరించిందా అన్నది చూడాలని మెజారిటీ భావించింది. మన్యపు ముఠాదార్లు, దొరలు క్షత్రియత్వాన్ని చెప్పుకోవడం ఉత్తరాంధ్ర, దక్షిణ ఒరిస్సా చరిత్రలో సుపరిచితమైన పరిణామం. ఆ సామాజిక ప్రక్రియ ఎన్నికల తగాదా రూపంలో దేశ అత్యున్నత న్యాయస్థానానికి చేరడం పరిశోధకులు విస్మరించరాని అంశం. కులం, సంస్కృతీకరణలపై పనిచేసేవారికి ఈ తీర్పులోని వాదోపవాదాలు న్యాయశాస్త్ర గ్రంథాలయానికే పరిమితం కావలసినవి కావు.

ఇక్కడ గిరి స్థితిని నిష్పాక్షికంగా అంచనా వేయాలి. నిబంధన అస్పష్టంగా ఉన్నప్పుడు కోర్టుకు వెళ్ళడం అభ్యర్థి హక్కు. కానీ సంఘం బలంతో హక్కు సాధించాలే గాని కోర్టుపై ఆధారపడరాదని పారిశ్రామిక రంగంలో బోధించిన నాయకుడు, తన వివాదంలో మాత్రం ట్రిబ్యునల్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. అంతేకాదు, సంఘటిత శ్రమజీవుల ప్రతినిధి అయిన ఆయన వాదన గెలిచి ఉంటే, గిరిజనుడు సాధారణ స్థానంలో గెలవడమన్నది చట్టవిరుద్ధమయ్యేది. రెండవ వాదన మరింత ఇబ్బందికరమైనది: ఒక గిరిజన కుటుంబం గౌరవం కోసం చేసుకున్న ప్రకటనను దాని హక్కును హరించడానికి వాడుకోవడం. గిరి జీవితచరిత్రకారులు ఈ ఘట్టాన్ని దురదృష్టంగానే చూపారు. దానిని సూరిదొర వైపు నుంచి కూడా చదవాలి.

పిటిషన్ నడుస్తుండగానే గిరి ఉత్తరప్రదేశ్ గవర్నరయ్యారు. గవర్నర్ పార్లమెంటు సభ్యుడిగా ఉండరాదు గనుక, గెలిచినా రెండింటిలో ఒకటి వదులుకోవలసి వచ్చేది. 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలను రద్దుచేసింది. నియోజకవర్గాల విస్తీర్ణం, ఖర్చు కూడా అందుకు కారణాలే; అయినా పార్వతీపురం తరహా ఫలితాలపై సాధారణ స్థానాల నేతల అసంతృప్తిని పక్కన పెట్టి ఈ రద్దును వివరించలేం. తరువాతి కాలంలో పార్వతీపురం స్థానం షెడ్యూల్డ్ తెగలకు కేటాయించబడి, 2008 పునర్విభజనతో అరకు నియోజకవర్గంలో కలిసిపోయింది.

గవర్నర్ పదవుల నుంచి రాష్ట్రపతి భవన్‌కు

ఉత్తరప్రదేశ్ (1957–60), కేరళ (1960–65), మైసూరు (1965–67) గవర్నర్‌గా పనిచేసిన గిరి 1967 మే 13న ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న జాకీర్ హుస్సేన్ మరణించడంతో తాత్కాలిక రాష్ట్రపతి బాధ్యతలు చేపట్టారు. జులై 19న పద్నాలుగు బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సుపై సంతకం చేసి, మరునాడు రెండు పదవులకూ రాజీనామా చేసి, స్వతంత్ర అభ్యర్థిగా రంగంలోకి దిగారు. బ్యాంకు ఉద్యోగుల కోసం పదిహేనేళ్ళ క్రితం మంత్రిపదవి వదులుకున్న వ్యక్తి, బ్యాంకుల జాతీయీకరణ తన ఆఖరి సంతకంగా పదవి వదిలారు.

కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ప్రధాన పోటీ ఇద్దరు తెలుగువారి మధ్య. ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధానుసారం ఓటు వేయమని కోరడంతో పార్టీ చీలిపోయింది. గెలవడానికి 4,18,169 ఓటు విలువలు కావాలి. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. రెండవ ప్రాధాన్య ఓట్లను కలిపాక గిరి 4,20,077కు, సంజీవరెడ్డి 4,05,427కు చేరారు. దేశ్‌ముఖ్ ఓటర్లు రెండవ ప్రాధాన్యాన్ని అధికంగా సంజీవరెడ్డికే ఇచ్చారని ఈ అంకెలే తెలుపుతున్నాయి. స్వతంత్రుడిగా గెలిచిన ఏకైక రాష్ట్రపతి గిరి. ఈసారి ఆయన ఎన్నికనే సుప్రీంకోర్టులో సవాలు చేశారు. పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా హాజరై సాక్ష్యం చెప్పారు. 1970లో పిటిషన్లు కొట్టివేయబడ్డాయి. పన్నెండేళ్ళలో రెండుసార్లు ఆయన ఎన్నికల తగాదా అదే న్యాయస్థానానికి చేరింది, ఒకసారి పిటిషనర్‌గా, మరొకసారి ప్రతివాదిగా.

ఆయన రాష్ట్రపతిగా ఉన్న తొలి ఏడాదిలోనే పార్వతీపురం మన్యం రగులుతున్నది. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద ఇద్దరు గిరిజన రైతుల హత్యతో ఉధృతమైన శ్రీకాకుళ పోరాటం 1970 జులైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసంల మరణంతో క్షీణించింది. నాయకులపై పెట్టిన కేసుకు పార్వతీపురం కుట్రకేసు అన్న పేరే స్థిరపడింది. గిరిజనుల భూమి, అప్పు, కూలి అనే ప్రశ్నలను పారిశ్రామిక సంబంధాల చట్రంలో గిరి ఏనాడూ ఇముడ్చుకోలేదు. నిరుద్యోగంపై ఆయన రాసిన ‘జాబ్స్ ఫర్ అవర్ మిలియన్స్’లో గ్రామీణ ఉపాధి చర్చ విస్తృతంగా ఉన్నా, అది ప్రణాళికా దృష్టితో సాగుతుంది.

పదవీకాలపు చివరి నెలల్లో, 1974 మే 8 నుంచి 27 వరకు, దేశవ్యాప్త రైల్వే సమ్మె జరిగింది. దానికి నాయకత్వం వహించినది జార్జి ఫెర్నాండెజ్ అధ్యక్షుడిగా ఉన్న అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్, గిరి స్థాపకులలో ఒకరైన సంస్థే. వేలాది కార్మికులను ఆయన ప్రభుత్వం పేరుతోనే అరెస్టు చేశారు, సమ్మె విఫలమైంది. ఆగస్టు 24న గిరి పదవి విరమించారు. 1975లో భారతరత్న లభించింది, 1976లో స్వీయచరిత్ర వెలువడింది, 1980 జూన్ 24న మద్రాసులో మరణించారు. ఆయన పదవిలో ఉన్న 1974లోనే నెలకొల్పిన జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.